మిషను కుట్టినట్టుందండీ: ఒక ఆరభి తానం కేసు

నరసాపురంలో మా వీధి అరుగు మీద మధ్యాహ్నం పూట ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు కూర్చుని లేసు అల్లుకుంటారు. లోపల నేను వీణ పాఠం చెబుతుంటే వాళ్ళకి అది రేడియో కింద లెక్క. నిరుడు ఏప్రిల్‌లో ఒక ఆదివారం పాఠం అయ్యాక, వాళ్ళలో ఒకావిడ మంచినీళ్ళ కోసం లోపలికొచ్చింది. నా శిష్యురాలు గుమ్మం దాటిందో లేదో చూసుకుని మెల్లగా అంది: "పంతులమ్మగారూ, ఏమీ అనుకోకండి. ఆ అమ్మాయి బాగానే వాయిస్తోంది గానీ, మిషను కుట్టినట్టుందండీ."

నాకు కోపం వచ్చింది. ముప్ఫయ్యేళ్ళుగా వీణ చెబుతున్నాను, లేసు సూది వదిలి వచ్చినావిడ నాకు చెప్పడమా అనిపించింది. రాత్రి పడుకున్నాక కోపం దిగింది. రెండు వారాలుగా నాకు తెలుస్తూనే ఉన్నా మాటల్లో పెట్టలేకపోయినది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది.

కేసు

శిష్యురాలికి నలభై దగ్గర పడుతున్నాయి. రాజోలు వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచరు. తొమ్మిదేళ్ళుగా నా దగ్గర నేర్చుకుంటోంది. ఆదివారం ఆదివారం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ట గోదావరి దాటి వస్తుంది, వీణ కూడా తెచ్చుకుంటుంది. నా వీణ మీద చెయ్యి కుదరదట. వర్ణాలు శుభ్రంగా వాయిస్తుంది. ఘనరాగ పంచరత్నాలు ఐదూ వచ్చు. శ్రుతి జ్ఞానానికి వంక పెట్టడానికి లేదు.

దసరాలో మూలా నక్షత్రం రోజున వాళ్ళ ఊరి గుళ్ళో ముప్పావుగంట కచేరీకి ఒప్పుకుంది. ప్రధానంగా ఆరభి రాగం తీసుకుందామని ఇద్దరం అనుకున్నాం: ఆలాపన, తానం, తర్వాత కీర్తన. తానం ఎప్పుడూ ఇంట్లో ఐదారు నిమిషాలు సరదాగా వాయించడమే తప్ప, జనం ముందు పావుగంటకి పైగా వాయించడం ఆమెకి ఇదే మొదటిసారి.

తానం సంగతి తెలియనివారికి రెండు మాటలు. రాగం, తానం, పల్లవి అంటారు కదా, అందులో నడిమిది. సాహిత్యం ఉండదు. గాత్రంలో అయితే తా, నం, త, తోం లాంటి అక్షరాలు పట్టుకుని పాడతారు. 'అనంతం' అనే మాట నుంచి తానం వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆలాపనలో లయ పైకి కనబడదు. పల్లవిలో తాళం చేతిలోనే ఉంటుంది. ఈ రెండిటికీ మధ్య తానం. దీనికి నడక ఉంటుంది, ఆవర్తనం ఉండదు. అడుగులు పడుతుంటాయి గానీ ఎనిమిదో అడుగుకి తిరిగి రావలసిన ఇల్లంటూ ఉండదు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అనే ఐదు ఘనరాగాలకీ ఆ పెద్దరికం తానం వల్లే వచ్చిందని నా నమ్మకం.

వీణకి తానం పుట్టిల్లు లాంటిది. గాత్రంలో అక్షరం ఉన్నచోట ఇక్కడ మీటు ఉంటుంది. వీణకి ఏడు తీగలు. వాటిలో నాలుగు తీగలు మెట్ల మీద నడుస్తాయి, మిగతా మూడూ దండి పక్కన ఉంటాయి: పక్కసారణి, పక్కపంచమం, హెచ్చుసారణి. స, ప, పై స. వీటిని కుడిచేతి చిటికెన వేలితో మీటుతాం. చూపుడు వేలు, నడిమి వేలు స్వరాలు మీటుతుంటే మధ్యమధ్య ఈ మూడు తీగలూ ఝల్లుమంటాయి. అందుకే ఒక్క వీణే వాయిస్తున్నా ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నట్టుంటుంది. తానంలో హుషారు పుట్టేది అక్కడ.

మా అమ్మాయి తానంలో ఆ హుషారే లేదు. వేగం ఉంది. అపస్వరం ఒక్కటీ లేదు. రెండు నిమిషాలు దాటేసరికి వినేవాడికి ఆవలింత వచ్చేది.

రెండు తప్పు మందులు

మొదట నేను వేసిన మందు మెట్రోనోమ్, లయ తప్పకుండా టిక్కుటిక్కుమని కొట్టేది. నడక అక్కడక్కడా తూలుతోంది, అందుకే పట్టు రావడం లేదనుకున్నాను. ఫోన్‌లో ఆ యాప్ పెట్టుకుని రోజూ అరగంట వాయించమన్నాను. మూడు వారాలు చేసింది. తూలడం పోయింది, మిషను మాత్రం ఇంకా గట్టిగా వినిపించసాగింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. రోగం ఏదో దానికే బలం మందు పోశాను.

ఆ రోజుల్లోనే పెద్దల రికార్డింగులు వినమని కూడా చెప్పాను. మా గోదావరి జిల్లాల్లో వీణ నేర్చుకుంటూ ఈమని శంకరశాస్త్రిగారినీ, చిట్టిబాబుగారినీ వినకుండా ఎలా? శంకరశాస్త్రిగారు 1922లో ద్రాక్షారామంలో పుట్టారు. ఆయన శిష్యుడు చిట్టిబాబుగారు 1936లో కాకినాడలో పుట్టారు. ఒక్క మీటుతో ఎంతసేపు మాట్లాడవచ్చో గురువుగారి దగ్గర వినాలి. తీగ మనిషి గొంతులా పలకడం శిష్యుడి దగ్గర వినాలి. ఆమె విన్నది, విన్న సంగతులు నాలుగైదు అచ్చు గుద్దినట్టు దింపేసింది కూడా. తన తానంలో అవి అరువు తెచ్చుకున్న పట్టుచీరలా వేలాడాయి. కొన్నాళ్ళు వినడం మానెయ్యమన్నాను.

రెండో మందు వీణకి. మే నెలాఖరుకి మొదటి తీగ, అంటే సారణి మీద ఐదో మెట్టు గరగరమనడం మొదలైంది. ఐదో మెట్టు అంటే శుద్ధ మధ్యమం. ఆరభిలో అది మూలపడితే సంసారం నడవదు. చూస్తే మెట్టు ఒక వెంట్రుకవాసి దిగింది, తీగ నొక్కితే పక్కనున్న ఆరో మెట్టుని రాసుకుంటోంది. మెట్లు నిలబడేది మైనం మీద. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి పోస్తారు. కోనసీమ ఎండకి, ఉక్కకి అది మెత్తబడుతుంది. ఈమె మే నెల మిట్టమధ్యాహ్నం గుడ్డ సంచిలో వీణ పెట్టి, రేవులో పంటు కోసం అరగంట ఎండలో నిలబడేది. మైనం మాత్రం ఏం చేస్తుంది?

ఇక్కడ నాకో ఆశ పుట్టింది. మధ్యమం గరగరమంటోంది కాబట్టి దాని మీద నిలవడానికి భయపడి తొందరగా దాటేస్తోంది, అందుకే అన్నీ ఒకే పొడవులో వస్తున్నాయి, వీణ బాగుపడితే తానం బాగుపడుతుందని. అందులో సగం నిజం ఉంది. ఆ సగమే నన్ను ఇంకో నెల తప్పుదారి పట్టించింది. జూన్ చివర్లో విజయనగరం వెళ్ళేవాళ్ళెవరో దొరికితే వీణని బొబ్బిలి దగ్గర గొల్లపల్లికి పంపించాం. ఆమెది బొబ్బిలి వీణే, ఒకే పనస మొద్దు తొలిచి చేసినది. ఎలాగూ పంపిస్తున్నాం కదా అని ఇరవైనాలుగు మెట్లూ తీసి కొత్త మైనంతో వెయ్యమన్నాం. ఐదు వారాలు పట్టింది.

ఆ ఐదు వారాల్లోనే గోదావరికి వరద వచ్చింది. పంటు కట్టేశారు. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావచ్చు గానీ, చేతిలో వీణ లేనప్పుడు అంత దూరం ఎందుకని నేనే వద్దన్నాను.

గీతలు గీసిన కాగితం

పాఠం లేని ఆదివారాలు నాకు తోచదు. ఏప్రిల్ నుంచీ ఫోన్‌లో రికార్డు చేసి ఉంచినవి ఒక్కొక్కటే వినడం మొదలుపెట్టాను. ముందు ఎడమచేతి తప్పుల కోసం విన్నాను, దొరకలేదు. తర్వాత ఒక పని చేశాను. రెండు నిమిషాల ముక్క తీసుకుని, ప్రతి మీటుకీ కాగితం మీద ఒక చుక్క పెట్టుకుంటూ, పక్క తీగలు మోగినచోట నిలువుగీత గీశాను. ఆపి, వెనక్కి పెట్టి, మళ్ళీ విని... ఒక సాయంత్రం పట్టింది.

61 గీతలు వచ్చాయి. వాటిలో 52 చోట్ల గీతకీ గీతకీ మధ్య సరిగ్గా నాలుగు చుక్కలు.

కాగితం చూస్తుంటే పిల్లలు కాపీ రాసుకునే నాలుగు గీతల పుస్తకంలా ఉంది. పైన స్వరాలు ఆరభిలో తిరుగుతున్నాయి, కింద చిటికెన వేలు ఆదితాళం వేస్తోంది. మిషను అదే. లేసు అల్లే ఆవిడ చెవికి స్వరాలు వినబడలేదు, వేలు ఒక్కటే వినబడింది.

ఆ వేలికి ఆ అలవాటు ఎవరు చేశారు? నేనే. వర్ణంలో, కీర్తనలో తాళం దెబ్బల దగ్గర పక్క తీగలు మీటమని చెప్పేది మేమే. అది పద్ధతి, తప్పేమీ కాదు. తొమ్మిదేళ్ళలో ఆ అమ్మాయి ఆదితాళం వర్ణాలు ఎన్ని వందలసార్లు వాయించి ఉంటుందో! అన్నిసార్లూ "చిటికెన వేలు తప్పింది, మళ్ళీ" అని నేను గదమాయిస్తూనే ఉన్నాను. తానానికి వచ్చేసరికి ఆ వేలిని వదిలెయ్యాలని మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. నా చెయ్యి నాకు తెలియకుండా ఎప్పుడో వదిలేసింది, అందుకని శిష్యురాలి చెయ్యి కూడా వదిలేస్తుందనుకున్నాను.

తానంలో రకాలు చెప్పేటప్పుడు అశ్వతానం, గజతానం, మర్కటతానం, మండూకతానం అని జంతువుల పేర్లు చెప్పడం మాలో ఉంది. గుర్రం దౌడు, ఏనుగు నడక, కోతి గెంతు, కప్ప దూకుడు. శిష్యులు సరదాపడతారు. ఈమెకి కూడా చెప్పాను, గుర్రం నుంచి కప్పకి మారింది. కప్ప కూడా నాలుగేసి అడుగులకే దూకింది. ఆ పేర్లతో జబ్బు కుదరదు.

గురువు, లఘువు

వీణ చేతిలో లేదు కాబట్టి నోటితో తానం పాడి వాట్సాప్‌లో పంపమన్నాను. గాత్రం రాదని బతిమాలింది, పాడమనలేదు పలకమన్నానని చెప్పాను. వారం రోజులు పంపింది. అన్నీ ఒకటే: తానం తానం తానం తానం.

ఫోన్ చేశాను.

"అమ్మాయ్, ఈ 'తానం' అన్న మాటకి గురులఘువులు చెప్పు."

నవ్వింది. "రెండూ గురువులేనండీ. గగం."

"మాత్రలు?"

"నాలుగండీ."

"వారం రోజులుగా నువ్వు పంపినదంతా గగం, గగం, గగం. ఏ పద్యమైనా ఇలా ఉంటుందా?"

ఒక్క క్షణం ఆగింది. తెలుగు టీచరు కదా, ఊరుకుంటుందా? "ఉందండీ. విద్యున్మాల. పాదానికి ఎనిమిదీ గురువులే."

"దాన్ని పద్దెనిమిది నిమిషాలు ఎవరైనా వింటారా?"

"ఆయ్... వినరండీ."

ఆ సంభాషణ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. దారి నా ఎదురుగానే ఉంది, నేనే చూడలేదు. ఈ మనిషి రోజూ బ్లాక్‌బోర్డు మీద గణవిభజన చేస్తుంది. తానం అక్షరాలు గణాలు కాకపోతే ఏమిటి? తాన అంటే గురువు, లఘువు: హ గణం, మూడు మాత్రలు. తనన అంటే న గణం, అదీ మూడే. తానన భ గణం, నాలుగు. తాననం ర గణం, ఐదు. తానంత త గణం, ఐదు. తనతాన సలం, తనతనం నగం, ఇవీ ఐదేసి. సూర్యగణాలు, ఇంద్రగణాలు అన్నీ తానం అక్షరాల్లోనే దొరుకుతున్నాయి.

తేటగీతి పాదం తీసుకోమన్నాను. ఒక సూర్యుడు, ఇద్దరు ఇంద్రులు, ఇద్దరు సూర్యులు.

తాన తానంత తాననం తనన తాన
తనన తానన తనతనం తాన తాన

మొదటి పాదానికి పంతొమ్మిది మాత్రలు, రెండోదానికి పద్దెనిమిది. మూడు, ఐదు, ఐదు, మూడు, మూడు. మూడు, నాలుగు, ఐదు, మూడు, మూడు. ఆదితాళం ఇందులో దూరడానికి సందు లేదు, అయినా నడక ఎక్కడా తడబడదు. వేమన పద్యాలు నడిచే ఆటవెలది కూడా ఇలాంటిదే కాబట్టి అదీ చేయించాను: మొదటి పాదం మూడు సూర్యులు, ఇద్దరు ఇంద్రులు, రెండో పాదం ఐదుగురూ సూర్యులే. తాన తాన తనన తనన తాన. పొడుగు పాదం వెనకాల పొట్టి పాదం గబగబా వస్తుంది. ఏ తెలుగువాడి చెవికైనా ఇది చిన్నప్పటి నుంచీ ఎక్కి ఉన్న నడకే. ఆమె నోటికి గంటలో వచ్చేసింది.

వరద తగ్గి పంటు మళ్ళీ తిరగడం మొదలయ్యాక, రేవు దాటేటంతసేపూ నోట్లో నోట్లోనే పలుక్కునేదట. పంటు ఇంజను డబడబలాడుతూ ఉంటుంది. దానికి నడక ఉంటుంది గానీ తాళం ఉండదు కాబట్టి మెట్రోనోమ్ కంటే అదే నయం అంది. పక్కనున్నవాళ్ళు జపం చేసుకుంటోందనుకున్నారట.

కుదిరిందనుకున్నాను. రెండు వారాలకి కొత్త తంటా వచ్చింది. పద్యం పట్టుకుంది! ఎక్కడ మొదలుపెట్టినా తేటగీతే. అయిదో గణం దగ్గర ఠక్కున ఆగడం, మళ్ళీ ఎత్తుకోవడం. ఆదితాళం మిషను పోయి పద్యాల మిషను వచ్చింది. నిచ్చెన ఎక్కించాను గానీ దిగడం చెప్పలేదు.

అప్పుడు పద్యాలు ఆపించి వచనంలోకి దింపాను. పంటు మీద వినబడిన మాట ఏదో ఒకటి పట్టుకొచ్చి, దాని గురులఘువుల ప్రకారం తానం చెయ్యమన్నాను. ఇది ఆమెకి ఆటలా నచ్చింది. ప్రతి ఆదివారం నాలుగైదు వాక్యాలు పోగేసుకొచ్చేది.

"చిల్లర లేదండీ." గురువు, రెండు లఘువులు, మూడు గురువులు. ఆరభిలో: పా మగ రీ సా రీ.

"ఏమండీ, రేపు పంటు ఉందా లేదా?" రీ మా పా, ధా ప, మా గ, రీ సా, రీ రీ.

రెండోది పలికి చూడండి. 'ఏమండీ' అని బరువుగా మొదలై, 'రేపు పంటు' దగ్గర తేలికై, 'ఉందా లేదా' అని మళ్ళీ బరువెక్కుతుంది. మనిషి మాట అలాగే ఉంటుంది. ఇంకొకటి కూడా ఇక్కడే దొరికింది. ఆరభిలో గాంధారం, నిషాదం మీద నిలవకూడదు. మధ్యమం నుంచి రిషభానికి దిగుతూ గాంధారాన్ని ఒకసారి తాకి పోవాలి, పై షడ్జం నుంచి ధైవతానికి దిగేటప్పుడు నిషాదమూ అంతే. ఇదివరకు ఎంత చెప్పినా ఆమె గాంధారం మీద అర క్షణం ఎక్కువే ఉండేది. "ఆరభిలో గ, ని ఎప్పుడూ గురువు కావు, లఘువులే" అన్నాను. మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది.

చిటికెన వేలికి సెలవు

ఆగస్టు మొదటి వారంలో వీణ తిరిగొచ్చింది. మధ్యమం గంటలా పలికింది. కూర్చుని తానం ఎత్తుకోగానే మూడో మీటుకల్లా చిటికెన వేలు మళ్ళీ నాలుగుకి ఒకటి కొట్టింది. నోరు మారింది, వేలు మారలేదు.

అరుగు మీది ఆవిడని అడిగి బారెడు లేసు దారం తెచ్చాను. చిటికెన వేలిని ఉంగరపు వేలికి కలిపి రెండు చుట్లు చుట్టి ముడేశాను, బిగువు లేకుండా. రెండు వారాలు తానం వాయించినప్పుడల్లా ఇలాగే అన్నాను. వర్ణాలకి విప్పేసుకోవచ్చు.

మొదటి రోజు వాయించి, ఆపి, "బోసిగా ఉందండీ" అంది. నిజమే, పక్క తీగలు లేని తానం బొట్టు లేని మొహంలా ఉంటుంది. ఆ బోసితనం భరించలేక చూపుడు వేలు, నడిమి వేలు కొత్త పనులు వెతుక్కున్నాయి. ఇంతకుముందు అన్ని మీటులూ ఒకే బరువుతో పడేవి. ఇప్పుడు గురువు దగ్గర మీటు దిట్టంగా, లఘువు దగ్గర తేలికగా పడసాగింది. ఆమె కావాలని చేసింది కాదు. పక్క తీగల మోతలో ఇన్నాళ్ళూ దాక్కున్న చెయ్యి బయటికి వచ్చిందంతే. ఈ కేసులో నాకు పనికొచ్చిన చిట్కా ఏదని అడిగితే ఛందస్సు కంటే ముందు ఈ దారం ముక్కే చెబుతాను.

మూడో వారం ముడి విప్పాను. ఒక్కచోటే అనుమతి: ఊపిరి తీసే చోట. పలుకు ముగిసి, తానం అని రెండు గురువుల మీద నిలిచినప్పుడు ఒక్కసారి మూడు తీగలూ మోగించాలి. నాలుగో వారం, మధ్య స్థాయి నుంచి పై స్థాయికి ఎక్కేటప్పుడు రెండోది ఇచ్చాను. ఆ తర్వాత నేనేమీ చెప్పలేదు. ఒకరోజు మంద్ర పంచమం దగ్గర నిలిచి, స్వరం మీటకుండా పక్క తీగలు మాత్రమే ఐదారుసార్లు ఎడంఎడంగా మోగించి, అందులోంచి మళ్ళీ రిషభం ఎత్తుకుంది. అరుగు మీద మాటలు ఆగిపోయాయి. నేను కిటికీలోంచి చూడలేదు, చూస్తే ఈమె ఆపేస్తుందని.

సెప్టెంబరు చివర్లో మళ్ళీ రెండు నిమిషాలు రికార్డు చేసి, అదే పద్ధతిలో చుక్కలూ గీతలూ పెట్టాను. 27 గీతలు. ఒకచోట గీతల మధ్య మూడు చుక్కలే ఉంటే ఇంకోచోట ఇరవైరెండు. ఆసక్తి కొద్దీ మీటులు కూడా లెక్కపెట్టాను. ఏప్రిల్‌లో రెండు నిమిషాలకి వాయించినన్ని కూడా ఇప్పుడు లేవు. అంటే వేగం తగ్గింది. ఆ వారమే ఇంటికొచ్చిన మా మరిది విని, "బాగా స్పీడు పెంచిందే" అన్నాడు.

దసరా రోజు

గుళ్ళో మృదంగం వాయించిన కుర్రవాడు తానానికి కూడా వాయిస్తానన్నాడు. ఈమధ్య అలా చేస్తున్నారు, బాగానే ఉంటుంది. నేను వద్దన్నాను. అప్పుడప్పుడే తాళం పాశం తెంచుకున్న చేతికి పక్కన మృదంగం పెట్టడం నాకు ధైర్యం చాలలేదు. కుర్రవాడు చిన్నబుచ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు.

నాకే టెన్షన్. ఆమె స్థిమితంగా ఉంది. రెండున్నర శ్రుతికి బిరడాలు తిప్పుకుని, లంగర్లు సరిచేసుకుని, పక్క తీగలు ఒకసారి మీటి చూసుకుని ఆలాపన మొదలుపెట్టింది. తానం ఎత్తుకున్న నాలుగైదు నిమిషాలు ఇంట్లో కంటే బాగా వచ్చింది. నా పక్కన కూర్చున్న ముసలాయన తొడ మీద తాళం వేద్దామని రెండుసార్లు ప్రయత్నించి, అందక, నవ్వి చెయ్యి తీసేశాడు.

అప్పుడు గుడి బయట డప్పులు మొదలయ్యాయి. ఏదో వీధి అమ్మవారి ఊరేగింపు. ఒకటి రెండు మూడు నాలుగు, ఒకటి రెండు మూడు నాలుగు. చూస్తుండగానే చిటికెన వేలు వాటితో కలిసిపోయింది. సుమారు ఒక నిమిషం ఆమె ఆరభి డప్పులకి తాళం వేసింది. నేను ముందు వరసలో ఉండి కూడా ఏమీ చెయ్యలేను, చెయ్యి ఊపితే ఇంకా కంగారుపడుతుంది.

తనకే తెలిసింది. పంచమం మీద ఆగింది. ఒక్క మీటు. అది పూర్తిగా సన్నగిల్లే దాకా కూర్చుంది, ఇంకోటి మీటింది. డప్పులు వీధి మలుపు తిరిగేదాకా అలా నాలుగైదు పంచమాలతో ఆపుకొచ్చింది. తర్వాత మగరి అని చిన్న పలుకుతో ఎత్తుకుంది. అనుకున్న పద్దెనిమిది నిమిషాలూ పూర్తి కాలేదు, పద్నాలుగు దగ్గర ముగించి కీర్తనలోకి వెళ్ళింది. ఇంటికెళ్ళాక ఫోన్ చేసి ముందు అడిగింది ఆ ఒక్క నిమిషం గురించే. వినబడింది, కాదని ఏం చెప్పను? ఆ పంచమాలు మాత్రం నేను నేర్పినవి కావని చెప్పాను.

మిగిలింది

ఆరభిలో కుదిరింది కాబట్టి అన్నిటిలో కుదిరిందని కాదు. నాట బాగా వచ్చింది, అందులో తానం దానంతటదే నడుస్తుంది. శ్రీరాగం ఫరవాలేదు. గౌళలో రిషభం బాగా కింద పలకాలి, తానం వేగంలో అది పైకి జారుతోంది. ఇది చెవి పని, కొంతకాలం పడుతుంది.

చిక్కంతా వరాళితోనే. ఆ గాంధారం ఊగడానికి మీటుకీ మీటుకీ మధ్య చోటు కావాలి. గురులఘువుల లెక్క ఇక్కడ అడ్డం తిరుగుతోంది. లఘువు మీద పడిన గాంధారం చచ్చిపోతుంది, అన్ని గాంధారాలూ గురువులైతే నడక ఈడుస్తుంది. నా చేతిలో ఏం జరుగుతుందో నేను గమనించి చెప్పాలి. ఇంకా చెప్పలేకపోతున్నాను. వరాళి నేరుగా నేర్పితే గురుశిష్యులకి పడదని ఒక నమ్మకం ఉంది కదా, దాన్ని అడ్డుపెట్టుకుని ఆమె, "మీరు చెప్పొద్దులెండి, ఊరికే వాయించుకోండి, నేను వింటాను" అంటోంది. నాకూ అదే నయమనిపించింది. ఆదివారం పాఠంలో చివరి అరగంట నేను వాయిస్తున్నాను, ఆమె కాగితం మీద చుక్కలూ గీతలూ పెడుతోంది.

ఐదో మెట్టు ప్రస్తుతానికి నిలబడే ఉంది. ఈ వేసవి నుంచి వీణ మా ఇంట్లోనే వదిలి వెళ్ళమన్నాను.